కుడివైపు గ్రంథి

ఖోఖో కోర్టుకి సున్నంతో గీతలు గీస్తూ గొంతుక్కూర్చున్న తేజశ్రీ మళ్ళీ పైకి లేవలేకపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కాయేమో అనుకుని కాసేపు ఆగింది. తర్వాత రెండు చేతులూ నేలకి ఆనించి గట్టిగా ఊపు తీసుకుంది. తొడలు పలకలేదు. ధబీమని వెనక్కి కూలబడింది. చుట్టూ నిలబడ్డ తొమ్మిదో తరగతి ఆడపిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "మోటీ మేడమ్", లావు మేడమ్ అని ఇంకెవరో హిందీలో గొణిగారు. చివరికి ఇద్దరు పిల్లలు చెరో రెక్కా పట్టుకుని లేవదీశారు. ట్రాక్‌సూట్‌కి అంటిన సున్నం దులుపుకుని ఏమీ జరగనట్టు విజిల్ ఊదింది. ఆ ఒక్క ఊదుకే ఆయాసం వచ్చింది.

ఫరీదాబాద్‌లోని ఒక కేంద్ర ప్రభుత్వ స్కూల్లో ఆమె పీఈటీ, ఆటల టీచరు. పుట్టి పెరిగింది తెనాలిలో. కాలేజీ రోజుల్లో ఎనిమిది వందల మీటర్ల పరుగులో యూనివర్సిటీకి పతకాలు తెచ్చిన మనిషి. ఆ పందెంలో రెండో చుట్టు సగానికి వచ్చేసరికి ఊపిరితిత్తులు మండిపోతాయి, కాళ్ళు బరువెక్కి నేలకి అతుక్కుపోతాయి. చాలామంది అక్కడ తగ్గుతారు. అక్కడ తగ్గకపోవడమే తనకి వచ్చిన విద్య అని తేజశ్రీ నమ్మకం. పిల్లలకి కూడా అదే చెప్పేది: ఒళ్ళు వద్దన్నప్పుడు ఇంకో పది అడుగులు వెయ్యండి, అప్పుడే బలం పుడుతుంది అని.

అలాంటి ఒళ్ళు ఏడాదిగా ఆమె అదుపు తప్పిపోయింది. ముఖం గుండ్రంగా ఉబ్బింది. పొట్ట పెరిగింది, చేతులూ కాళ్ళూ మాత్రం పుల్లల్లా అయిపోయాయి. పొత్తికడుపు మీద ఊదారంగు చారలు లేచాయి. నెలసరి ఆగిపోయింది. బీపీ, షుగరు రెండూ ఒకేసారి వచ్చాయి. చూపించుకున్న ప్రతి డాక్టరూ తలో మాట అన్నాడు. ఒకాయన థైరాయిడ్ అన్నాడు, ఇంకొకాయన టెన్షన్ తగ్గించుకోమన్నాడు, మూడో ఆయన నవ్వుతూ "కమ్ ఖాయా కీజియే మేడమ్" అని, తిండి తగ్గించమన్నాడు. అదే ఊళ్ళో ట్రాక్టర్ భాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజినీరుగా ఉన్న భర్త మల్లికార్జున మాత్రం ఆమెని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెకి ఎక్కువ బాధగా ఉండేది. మామగారు పోయాక అత్తగారు తాయారమ్మ వాళ్ళ దగ్గరే ఉంటోంది. ఆవిడ అనేది అంటూనే ఉండేది.

"ఆ రొట్టెలు మానెయ్యవే అమ్మాయ్. నెయ్యి పూసి పూసి తింటే ఒళ్ళు రాకేం చేస్తది?"

మైదానంలో పడిపోయిన సంగతి ఆ రోజు ఇంట్లో చెప్పలేదు. మర్నాడు బస్సు మెట్టు ఎక్కలేక రోడ్డు మీద నిలబడిపోయినప్పుడు మాత్రం మల్లికార్జునకి ఫోన్ చేసి ఏడ్చేసింది.

ఆయన సెలవు పెట్టి ఆమెని ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆమెని చూసింది డాక్టర్ సుధీంద్ర. కర్నూలు మనిషి, ముప్పై దాటి ఉండవు, కళ్ళ కింద నిద్రలేని నల్లచారలు. ఆమె లోపలికి వచ్చి కుర్చీలో కూర్చునే లోపలే పెన్ను కింద పెట్టి అడిగాడు.

"మీ పాత ఫొటో ఏమన్నా ఉందా మేడమ్?"

మల్లికార్జున పర్సులోంచి పెళ్ళి నాటి ఫొటో తీసి ఇచ్చాడు. డాక్టరు ఫొటో వంకా ఆమె వంకా చూశాడు. "ఇన్నాళ్ళూ ఎవరూ ఈ ఫొటో అడగలేదా?" అన్నాడు తనలో తాను అనుకున్నట్టు.

పరీక్షలయ్యాయి. స్కాన్‌లో కారణం దొరికింది. రెండు మూత్రపిండాల మీదా టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులుంటాయి. ఆమె ఎడమవైపు గ్రంథిలో ఉసిరికాయంత గడ్డ పెరిగింది. అది కార్టిజాల్ అనే హార్మోన్ని అడ్డూ ఆపూ లేకుండా ఒంట్లోకి కుమ్మరిస్తోంది. ఉబ్బినదీ, కండలు కరిగినదీ అందువల్లే. తేజశ్రీకి ఆ మాట విన్నప్పుడు భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. తప్పు తనది కాదు. తిండిది కాదు, బద్ధకానిది కాదు.

చలికాలం చివర్లో ఆపరేషన్ చేసి గడ్డతో పాటు ఎడమ గ్రంథి తీసేశారు. క్యాన్సర్ కాదన్నారు. తాయారమ్మ తాముండే సెక్టార్‌లోని గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టించింది. అందరూ అంతటితో అయిపోయిందనుకున్నారు.

అసలు కష్టం అక్కడే మొదలైంది.

ఇంటికి వచ్చిన తేజశ్రీకి పొద్దున్నే కళ్ళు తెరవడమే ఒక పని అయింది. కీళ్ళన్నీ ఎవరో సుత్తితో కొట్టినట్టు ఉండేవి. చర్మం పొట్టు పొట్టుగా రాలేది. అన్నం వాసన చూస్తేనే కడుపులో తిప్పేది. మంచం మీద పక్కకి ఒత్తిగిలాలంటే ముందు కాసేపు మనసులో కూడగట్టుకోవాల్సి వచ్చేది. ముఖం మాత్రం తగ్గుతూ వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఇప్పుడు బావున్నావమ్మా, మళ్ళీ పాత తేజశ్రీలా ఉన్నావు" అని మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది.

"ఇదేం వింత డాక్టర్ గారూ? జబ్బున్నప్పటి కంటే ఇప్పుడే చచ్చిపోతున్నట్టుంది" అంది చెకప్‌కి వెళ్ళినప్పుడు.

సుధీంద్ర కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ రోజు ఓపీ పలచగా ఉండటం ఆమె అదృష్టం.

"మీ ఎడమ గ్రంథి అంత పని చేస్తుంటే కుడిదానికి పని లేకుండా పోయింది కదా మేడమ్. ఒంట్లో కార్టిజాల్ దండిగా ఉందని మెదడు ఆర్డర్లు పంపడం మానేసింది. ఆర్డర్లు లేక కుడి గ్రంథి ఎండిపోయింది. వాడని కండ కరిగిపోతుంది చూడండి, అట్లా. ఇప్పుడు ఎడమది లేదు, కుడిది నిద్రపోతోంది. మధ్యలో మీరున్నారు."

"అది మళ్ళీ లేస్తుందా?"

"లేస్తుంది. ఆ గ్రంథి సంగతే వేరు." ఆయన మందుల చీటీ వెనక ఒక గుండ్రం గీసి దానిమీద ఇంకో గీత దిద్దాడు. "బత్తాయికి తొక్క ఉన్నట్టు దీనికి పైన ఒక పొర ఉంటుంది. ఆ పొర కింద కొత్త కణాలు పుడుతుంటాయి. పుట్టినవి మెల్లగా లోపలికి జరుగుతాయి. జరిగేకొద్దీ వాటి పని మారుతుంది. పైన ఉన్నప్పుడు ఒంట్లో ఉప్పు సంగతి చూస్తాయి, ఇంకాస్త లోపలికి పోయాక కార్టిజాల్ చేస్తాయి. నడిమికి చేరేసరికి ముసలివై రాలిపోతాయి. వెనక నుంచి కొత్తవి వస్తానే ఉంటాయి. మనం బతికున్నంత కాలం ఆ గ్రంథి తనని తాను కొత్తగా చేసుకుంటానే ఉంటుంది. ఎలుకల్లో లోపలి కండంతా తీసేసి పైపొర ఒక్కటే వదిలేశారు. కొన్ని వారాల్లో గ్రంథి మళ్ళీ నిండింది."

"కొన్ని వారాల్లోనా?"

"ఎలుకల్లో. మీకు ఏడాది పట్టొచ్చు, ఏడాదిన్నర పట్టొచ్చు. అప్పటిదాకా బయటి నుంచి స్టెరాయిడ్ మాత్ర ఇస్తాం, మెల్లగా తగ్గిస్తాం. తగ్గిస్తేనే మెదడుకి లోటు తెలుస్తుంది. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకూడదు. జ్వరం వచ్చిన రోజు రెట్టింపు వేసుకోవాలి. వాంతులైతే వెంటనే ఆసుపత్రికి పోయి ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఇద్దరూ గుర్తు పెట్టుకోండి."

మల్లికార్జున ఆ చివరి మాటలు మనసులో రాసుకున్నాడు. తేజశ్రీ మనసు ఎలుకల దగ్గరే ఆగిపోయింది. వాడని కండ, కొన్ని వారాలు, తగ్గిస్తేనే తెలుస్తుంది. ఇంటికి వెళ్ళేదాకా బస్సులో ఆ మూడు ముక్కలే తిప్పి తిప్పి అనుకుంది.

ఏప్రిల్లో రక్తపరీక్ష చేశారు. పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం తీసి, కుడి గ్రంథి సొంతంగా ఎంత చేస్తోందో చూసే పరీక్ష అది. దాదాపు ఏమీ లేదు. మే నెలాఖరుకి మళ్ళీ చేశారు. అప్పుడూ అంతే. సుధీంద్ర "ఓపిక పట్టండి మేడమ్, ఇది మామూలే" అన్నాడు. మాత్ర తగ్గించలేదు.

ఈలోపు స్కూలు నుంచి ప్రిన్సిపల్ ఫోన్ చేసింది. మంచిదే ఆవిడ, కాని నియమాలు నియమాలే కదా. సెలవులు అయిపోవచ్చాయి, జూలైలో బడి తెరిచేసరికి మైదానంలో నిలబడగలనని సర్టిఫికెట్ తేవాలి. లేకపోతే పీఈటీ ఉద్యోగానికి పనికిరాదని పైకి రాయాల్సి వస్తుంది. "ఐ యామ్ సారీ తేజశ్రీ" అంది ఫోన్ పెట్టేసేముందు.

ఆ సాయంత్రం వంటింట్లో తాయారమ్మ కొడుకుతో అంటున్న మాటలు గదిలోకి వినిపించాయి.

"ఆపరేషనై ఇన్ని నెల్లయింది. ఇంకా ఆ మంచం దిగదేందిరా? కాస్త అటూ ఇటూ తిరిగితేగా బలమొచ్చేది. ఆ మాత్రలే దాన్ని చెడగొడుతున్నయ్. స్టెరాయిడ్లు మంచివి కావని సీరియల్లో కూడా చెప్పారు."

"నువ్వూరుకో అమ్మా."

ఆయన గొంతులో అలసట వినిపించింది. అది తన వల్ల వచ్చిన అలసటే. తేజశ్రీ లేచి బాత్రూంకి వెళ్ళింది. అక్కడ పీట మీద కూర్చుని బట్టలు పిండబోతే మళ్ళీ మైదానంలో జరిగినట్టే అయింది. లేవలేకపోయింది. పిలిస్తే ఎవరైనా వస్తారు. పిలవబుద్ధి కాలేదు. కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడుపు వినపడదని నమ్మకం కలిగాక చాలాసేపు ఏడ్చింది. ఇలా ఏడాదిన్నర! ఉద్యోగం పోయి, ఒళ్ళు పోయి, ఒకరి చేతిలో నీళ్ళు తాగుతూ ఏడాదిన్నర. ఎలుకకి ఉన్నపాటి పట్టుదల తన ఒంటికి లేదా?

అక్కడే నిర్ణయించుకుంది. వాడకపోతే కరిగిన కండ వాడితే వస్తుంది. ఊతకర్ర ఉన్నంతకాలం కాలు నడవదు. మాత్ర ఉన్నంతకాలం ఆ గ్రంథి ఎందుకు లేస్తుంది? డాక్టర్లు భయస్తులు, వాళ్ళకి పరుగు తెలీదు.

మల్లికార్జున పొద్దున్నే షిఫ్టుకి వెళ్ళేముందు మంచినీళ్ళ గ్లాసు, మాత్ర తెచ్చి స్వయంగా చేతిలో పెట్టేవాడు. మర్నాటి నుంచి ఆమె దాన్ని దవడ పక్కన దాచి నీళ్ళు తాగేది. ఆయన స్కూటర్ చప్పుడు సందు దాటాక బాత్రూంలో ఉమ్మేసేది. మొదట్లో మాత్రని కొరికి సగం మింగేది. తర్వాత అదీ మానేసింది. మధ్యాహ్నం వేసుకోవాల్సిన దాన్ని అడిగేవాళ్ళే లేరు.

నొప్పులు పెరిగాయి. పెరగాలి మరి అనుకుంది. కొత్తగా ట్రాక్ ఎక్కిన పిల్లలకి మొదటివారం ఒళ్ళు హూనం కాదూ? నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మేవి, గోడ పట్టుకునేది. ఉప్పు తినాలని ఒకటే కోరిక పుట్టి, ఆవకాయ ఊట వేలితో నాకేది. రాత్రి పడుకునే ముందు నడుముకి కుడివైపు, పక్కటెముకల కింద అరచెయ్యి ఆనించి "లే, లేవవే" అని బతిమాలేది. లోపల ఏదో కదిలినట్టు ఒకరోజు అనిపించింది కూడా. అది ఆకలో, భయమో అయి ఉంటుంది.

జూన్‌లో వేడిగాలులు ముదిరాయి. కరెంటు పొద్దున పోతే మధ్యాహ్నం దాకా రావడం లేదు. ఆ రోజు ఉదయం నుంచే కడుపులో తిప్పుతోంది. మల్లికార్జున వెళ్ళిన కాసేపటికే వాంతి అయింది. తర్వాత విరేచనాలు. మధ్యాహ్నానికి నీళ్ళు తాగినా నిలవలేదు.

"వడదెబ్బే అమ్మాయ్" అంటూ తాయారమ్మ ఉప్పేసిన మజ్జిగ పట్టుకొచ్చింది. తల ఎత్తి తాగించబోతే కోడలి మెడ నిలవలేదు. చెంప మీద చెయ్యి వేసింది. బయట నిప్పులు చెరిగే ఎండలో ఆ చెంప చల్లగా, జిగటగా ఉంది. "తేజా! ఇట్టా చూడవే! నన్ను చూడవే!"

తేజశ్రీకి అత్తగారి ముఖం నీళ్ళలోంచి చూస్తున్నట్టు కనిపించింది. ఏదో చెప్పాలి. ఏమిటో గుర్తు రాలేదు.

తాయారమ్మకి హిందీ రాదు. ఉన్న చీరలో చెప్పుల్లేకుండా ఎదురు ఫ్లాట్‌కి పరిగెత్తి రెండు చేతులతో తలుపు బాదింది. అక్కడుండే సంతోష్ ఆంటీ తలుపు తీయగానే ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. సంతోష్ ఆంటీ ఒక్క చూపు చూసి "హాయ్ రామ్" అని, తన మారుతీ వ్యాన్ తాళాలు తెచ్చి, కింద వాచ్‌మన్ని కేకేసింది. ముగ్గురూ కలిసి దుప్పటిలో మోసుకెళ్ళారు. ఢిల్లీ దాకా వెళ్ళే వ్యవధి లేదని సెక్టార్‌లోనే ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళారు. దారిలో సంతోష్ ఆంటీయే మల్లికార్జునకి ఫోన్ చేసింది.

ఆయన వచ్చేసరికి తేజశ్రీ చేతికి సెలైన్ ఎక్కుతోంది. డ్యూటీలో ఉన్నది కుర్ర డాక్టరు. ఫుడ్ పాయిజనింగ్, ఒంట్లో నీళ్ళు పోయాయి, సెలైన్ ఎక్కితే సర్దుకుంటుంది అన్నాడు.

"అలా కాదండీ" అని మల్లికార్జున గబగబా హిందీలో మొదలుపెట్టాడు. అడ్రినల్ ఆపరేషన్ అయింది, స్టెరాయిడ్ మీద ఉంది, షుగరు కూడా ఉంది, వాంతులైతే ఇంజెక్షన్ వెయ్యమన్నారు.

కుర్ర డాక్టరు ఆగాడు. "రోజూ వేసుకుంటోందా? మానెయ్యలేదు కదా?"

"ఒక్కరోజు మానలేదు. ఈ పొద్దున కూడా నా చేత్తో నేనే ఇచ్చాను."

"అలాగైతే దానివల్ల కాదు. షుగరు కూడా ఉందంటున్నారు. ఊరికే స్టెరాయిడ్ పొడిస్తే ఇన్ఫెక్షన్ ముదురుతుంది. సెలైన్ చూద్దాం."

మల్లికార్జున సుధీంద్రకి ఫోన్ కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కలిపాడు. సెలైన్ సీసా ఖాళీ అయి రెండోది తగిలించారు. నర్సు బీపీ చూసి, గాలి మళ్ళీ కొట్టి చూసి, డాక్టర్ని పిలిచింది. బీపీ పెరగాల్సింది పోయి ఇంకా పడిపోయింది.

తేజశ్రీ కళ్ళు మూసుకునే ఉంది. చెవులకి మాత్రం అన్నీ వినపడుతున్నాయి. 'ఒక్కరోజు మానలేదు.' ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఎంత నమ్మకం! ఇప్పుడు నోరు తెరిస్తే ఆ నమ్మకం ఉండదు. తెరవకపోతే తను ఉండదు. రెండోదే తేలికేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఇలాగే మెత్తగా కిందికి జారిపోతే ఎవరికీ ఏదీ చెప్పుకోనక్కర్లేదు, జూలై రాదు, మైదానం లేదు, పొద్దున్నే కళ్ళు తెరవాల్సిన పని లేదు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, ఆ హాయికే ఆమెకి గుండె ఝల్లుమంది. చచ్చిపోవడం ఇలాగే ఉంటుంది కాబోలు.

నాలుక ఎండిపోయి అంగిలికి అతుక్కుంది. పెదవులు కదిపింది. తలగడ దగ్గర కూర్చుని తడిగుడ్డతో నుదురు తుడుస్తున్న తాయారమ్మ వంగింది.

"ఏందమ్మా? నీళ్ళా?"

"మాత్ర... మింగలా."

"ఆఁ?"

"మాత్రలు... ఉమ్మేశా అత్తయ్యా. చాలా రోజుల్నించి."

తాయారమ్మ తడిగుడ్డ వదిలేసింది. వెంటనే లేచి, గుమ్మం దగ్గర ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డ కొడుకు భుజం పట్టి తిప్పింది.

"ఒరేయ్, అది మాత్రలు వేసుకోవట్లేదంటరా. ఉమ్మేసిందంట. ఆ డాక్టర్తో చెప్పు, ఇప్పుడే చెప్పు!"

మల్లికార్జున భార్య వంక చూశాడు. ఆ చూపు ఆమె కళ్ళు తెరవకుండానే చూసింది. తర్వాత ఆయన కేక వినిపించింది, పెళ్ళయ్యాక ఎప్పుడూ వినని కేక. నర్సు పరిగెత్తింది. సెలైన్ గొట్టంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎక్కింది. ఇంకొంచెం ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదని తర్వాత డాక్టరు అన్నాడట.

పొద్దు వాలకముందే ఆమెకి ఆకలేసింది. ఎన్ని వారాల తర్వాతో వేసిన నిజమైన ఆకలి. సంతోష్ ఆంటీ బిస్కెట్లు ఇచ్చింది. మల్లికార్జున ఆ గదిలో లేడు. వరండాలో బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

వారం తర్వాత ఢిల్లీకి వెళ్ళినప్పుడు సుధీంద్ర తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేదని తేజశ్రీ అనుకుంది.

"తప్పు సగం నాది మేడమ్. కండ అన్నాను, ఎలుకలన్నాను. మిగతా సగం చెప్పలేదు. ఆ ఎలుకలకి తాగడానికి ఉప్పునీళ్ళు పెడతారు. పెట్టకపోతే గ్రంథి నిండేలోపు అవే చచ్చిపోతాయి. కొత్త కణం పుట్టాలన్నా, లోపలికి జరగాలన్నా, పని నేర్చుకోవాలన్నా ఒళ్ళు ముందు బతికుండాల కదా! ఇది పరుగు పందెం కాదు. మీరు కష్టపడితే వచ్చేది కాదిది. మీ చేతిలో ఉన్నది ఒకటే, చావకుండా ఉండటం."

"మరి ఇన్నాళ్ళు ఆపినందుకు కొంచెమైనా లేచిందా?"

"లేదు" అన్నాడాయన. "లెక్క మళ్ళీ మొదటి నుంచి."

ఆ మాట దగ్గర ఆమె కుర్చీలోనే వంగిపోయి, పక్కన మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చింది. సుధీంద్ర తర్వాతి పేషెంటుని ఆగమని చేత్తో సైగ చేసి, ఆమె ఏడుపు అయ్యేదాకా కూర్చున్నాడు.

జూలై వచ్చింది. స్కూల్లో ఆమె చోటుకి వేరే పీఈటీ వచ్చాడు. ప్రిన్సిపల్ ఎవరెవరి కాళ్ళు పట్టుకుందో గాని, పనికిరాదని రాయకుండా సెలవు పొడిగించి, దసరా తర్వాత లైబ్రరీలో కూర్చునే పని ఇప్పించింది. మైదానం వైపు ఉన్న కిటికీ తలుపు తేజశ్రీ మూసే ఉంచేది.

ఇంట్లో మల్లికార్జున మాటలు తగ్గిపోయాయి. పొద్దున్నే మాత్ర ఇచ్చి, నీళ్ళు తాగాక "నోరు తెరువు" అనేవాడు. ఆమె చిన్నపిల్లలా నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించేది. అవమానంతో చెవులు వేడెక్కేవి. అయినా ఒక్కరోజు కూడా ఎదురు చెప్పలేదు. అడిగే హక్కు ఆయనకి తనే ఇచ్చింది. ఒకసారి మాత్రం ఆయన గ్లాసు అందుకుంటూ "చెప్పుంటే కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం కదా తేజా. నన్ను ఎదురుగా నిలబెట్టి ఎలా చెయ్యగలిగావు?" అన్నాడు. చలికాలం నడిమధ్యలో ఒకరోజు ఆయన మాత్ర ఇచ్చి, నోరు చూడకుండానే మఫ్లర్ చుట్టుకుని వెళ్ళిపోయాడు. మర్చిపోయాడో, మానేశాడో ఆమె అడగలేదు.

తాయారమ్మ మారింది. స్టెరాయిడ్ల మాట మళ్ళీ ఎత్తలేదు. తుమ్మినా, దగ్గినా "రెట్టింపు వెయ్యాలేమో, డాక్టర్ని అడగండి" అని ఇద్దర్నీ వేధించేది. ఫిబ్రవరిలో ఇంట్లో అందరికీ జ్వరాలొచ్చినప్పుడు తన ఒళ్ళు కాలిపోతున్నా కోడలి మంచం పక్కనే కూర్చుంది. ఆ జ్వరంలో రెట్టింపు మాత్రలతో తేజశ్రీ మామూలుగానే కోలుకుంది.

రక్తపరీక్షలు సాగుతూనే ఉన్నాయి. దసరాకి ఏమీ లేదు. సంవత్సరం మారినా ఏమీ లేదు. చీటీ చేతికిచ్చినప్పుడల్లా ఆమె దాన్ని చదవకుండా భర్తకి ఇచ్చేసేది. ఆశ పెట్టుకోవడం మానేశాక బతకడం కొంచెం తేలికైంది, అంతే. వేసవి దగ్గర పడుతుండగా చేసిన పరీక్షలో కాస్త కనిపించింది. సుధీంద్ర మాత్రని ఒక పిసరు తగ్గించాడు. మళ్ళీ నొప్పులు, మళ్ళీ నీరసం. ఈసారి దాచుకోని, ఇంట్లో అందరికీ తెలిసిన నొప్పులు. వానాకాలంలో ఇంకాస్త పెరిగింది. ఇంకో పిసరు తగ్గించాడు. ఎక్కడో నడుము లోపల, కంటికి కనపడని పొర కింద, ఒక్కో కణం పుట్టి లోపలికి జరుగుతోంది. తనేం చేసినా, చెయ్యకపోయినా.

మళ్ళీ చలి మొదలయ్యే రోజుల్లో సుధీంద్ర చీటీ చూసి కళ్ళద్దాలు తీశాడు.

"రేపటి నుంచి మాత్ర వద్దు మేడమ్. జ్వరమొస్తే, దెబ్బ తగిలితే మాత్రం వేసుకోండి. కుడిది లేచింది."

మల్లికార్జున బల్ల కింద ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తేజశ్రీకి చెమటలు పట్టాయి.

"ఇంకో నెల వేసుకుంటానండీ. ఒక్క నెల."

"అవసరం లేదు."

"సగమైనా?"

సుధీంద్ర నవ్వలేదు. "అప్పుడు వద్దన్నా ఆపారు. ఇప్పుడు ఆపమంటే భయం వేస్తోంది కదా? వెయ్యాల. వేస్తేనే మీకు నేను చెప్పింది అర్థమైనట్టు."

మర్నాడు ఆదివారం. మాత్ర లేకుండా తెల్లవారిన మొదటి రోజు. ఆమె మంచం మీద లేచి కూర్చుని తలతిరుగుడు కోసం ఎదురుచూసింది. రాలేదు. స్నానానికి వెళ్ళేటప్పుడు బాత్రూం గడియ పెట్టుకోలేదు. కాఫీ తాగి, కడుపులో తిప్పుతుందేమోనని కాసేపు కదలకుండా కూర్చుంది. గుండె దడదడమంటే చెయ్యి వేసి చూసుకుంది. అది ఉత్త భయం. మల్లికార్జున కూరగాయలకి వెళ్తూ రెండుసార్లు వెనక్కి వచ్చి చూశాడు.

వంటింట్లో తాయారమ్మ దోసకాయ చెక్కు తీస్తోంది. తేజశ్రీ వెళ్ళి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మాత్ర ఆపమన్నారంటగా. ఎట్టా ఉంది?"

"ఏమీ లేదత్తయ్యా. భయంగా ఉంది."

"ఉండదా మరి." తాయారమ్మ చాకు పక్కన పెట్టి, తన పక్కనున్న స్టూలు ఇవతలికి జరిపింది. "ఒక్కదానివే అక్కడ నిలబడబాక. ఇట్టా వచ్చి కూర్చో. సాయంత్రం దాకా ఇద్దరం చూద్దాం."

తేజశ్రీ వెళ్ళి కూర్చుంది. కాసేపటికి రెండో దోసకాయ అందుకుని, చేదుగా ఉందేమోనని చిన్న ముక్క కోసి నోట్లో వేసుకుంది.